మొదలు చుట్టూ కొత్త మట్టి

నగరంలోని పార్కుల్లో కాపాడవలసిన పాత చెట్లను గుర్తించి మ్యాపులో పెట్టడం నా ఉద్యోగం. నేల నుంచి ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత మూడు మీటర్లు దాటితే ఆ చెట్టును ఎవరూ కొట్టడానికి వీల్లేదు. దాటకపోతే పార్కువాళ్ల ఇష్టం.

పంపుగది వెనకనున్న నిద్రగన్నేరు పోయినేడు దాటింది. ఈసారి దాటలేదు. చెట్టు చిక్కిపోతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

అవతలివైపు టేపు పట్టుకున్నది మా బాబాయి. ఈ పార్కుకు ఆయనే సూపర్‌వైజరు.

“రాసుకోవే. మళ్లీ మళ్లీ కొలిస్తే లావెక్కుతుందా?”

పొద్దుటి నుంచీ ఆయన మర్యాద ఎక్కువైంది. అడక్కుండానే కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. నాదే మా ఇంట్లో మొదటి డిగ్రీ అని ఊరంతా చెప్పుకున్న రోజు కూడా ఇంత ప్రేమ ఒలకబోయలేదు.

కిందికి చూశాను. మాను స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిపోయింది. ఇంత పాత చెట్టు మొదలు దగ్గర వెడల్పుగా విచ్చుకుని ఉండాలి.

“ఈ మట్టి ఎప్పుడు పోయించావు బాబాయ్?”

“గడ్డి వేద్దామని.”

“ఇంత నీడలో గడ్డా?”

“నువ్వు చెట్టు కోసం వచ్చావా, నా మీద ఎంక్వైరీకి వచ్చావా?”

తాపీ తీసుకుని తవ్వాను. మోకాలి లోతున లావుపాటి వేళ్లు బయటపడ్డాయి. అసలు నేల అది. పైన మట్టి పోసేసరికి నేను టేపు చుట్టే చోటు కూడా మాను సన్నబడే చోటికి లేచింది.

బాబాయి మట్టి మీదే చతికిలబడ్డాడు. “పైకి చూడు” అన్నాడు. ఒక పెద్ద కొమ్మ ఆయన క్వార్టరు రేకుల మీదికి వాలి ఉంది. “గాలి వీస్తే మీ పిన్నికి కునుకుండదు. కొమ్మ కొట్టించండని ఆఫీసువాళ్లను అడిగి అడిగి నోరు పడిపోయింది. చెట్టే పోతే పీడా పోతుంది. తక్కువుందని రాసెయ్, తల్లీ.”

“కొమ్మ సంగతి అర్జెంటుగా చూడమని రాస్తాను.”

“రాస్తావు. వాళ్లొచ్చేదాకా మా నెత్తికి అడ్డం నిలబడతావా?”

అసలు నేల నుంచి ఎత్తు చూసి, మానుమీద కొత్త గుర్తు పెట్టి, టేపు అందించాను. పట్టుకున్నాడు. అయినా మాను వెనక్కి వెళ్లి ఆయన వేళ్ల కింద టేపు ఎక్కడుందో చూశాను.

“నమ్మవన్నమాట.”

“ఇవాళ్టికి నమ్మను బాబాయ్.”

మూడు మీటర్లు దాటింది. మ్యాపులో చుక్క పెట్టాను. ఆయన ఇంట్లోకి వెళ్లాడు. కాసేపటికి, కొమ్మ కిందున్న గదిలోంచి మంచం ఈడుస్తున్న చప్పుడు. గుమ్మంలో ఇరుక్కున్నట్టుంది, పిన్ని కసురుతోంది. చేతుల మట్టి దులుపుకుని వెళ్లి మంచం కోడు పట్టుకున్నాను.