ఓడ దిగని నీడ

పొద్దున్నే గడ్డం గీసుకుని, ఉన్న ఒక్క తెల్లచొక్కా వేసుకుని, ఓడ సరంగు వెళ్లి కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుంటాడు. బంట్రోతు పిలవడు. సాయంత్రానికి ఇంకో వాయిదా. ఎనిమిది నెలలుగా ఇదే వరస. క్రేను తాడు తెగి తోటి కళాసీ చనిపోవడం కళ్లారా చూడటమే అతను చేసిన నేరం. సాక్షివి, ఊరు దాటకూడదన్నారు. ఓడ వెళ్లిపోయింది. ఓడలో లేనివాడికి జీతం లేదని కంపెనీ చేతులు దులుపుకుంది. పాత తాడే వాడమన్న ఆఫీసరు మాత్రం, ముద్దాయి అయివుండీ, బెయిలు మీద ఇంట్లో కూర్చుని నిండు జీతం తీసుకుంటున్నాడు.

సరంగును దింపిన రోజున అతని నీడ దిగలేదు. పని సగంలో ఉందని డెక్కు మీదే ఆగిపోయింది. లాడ్జి నడిపే ఆవిడ గది ఇచ్చేటప్పుడు ఒకసారి కిందికి చూసి, గుమ్మంలో నిలబడినా వెలుతురుకు అడ్డం రాడు, నయమే అనుకుంది. ఓడ వంటవాడు ఫోన్ చేసినప్పుడల్లా దాని కబుర్లు చెప్పేవాడు. డెక్కు కడిగిందట, తుప్పు గీకిందట, మబ్బు పట్టిన రోజున మాత్రం ఎంత వెతికినా కనపడదట.

ఇంటి నుంచి వచ్చే ఫోన్లే సరంగును తినేసేవి. నాలుగు నెలల అద్దె బాకీ. నెలాఖరుకు ఖాళీ చేయమన్నారని భార్య చెప్పింది. ఆమె ఏడుపు ఆపుకుంటోందని తెలిసి, అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

చివరికి సాక్ష్యం పావుగంటలో అయిపోయింది. అదే వారం ఓడ రేవుకు వచ్చింది. సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాడు. నిచ్చెన దగ్గర ఓడకు కొత్తగా వచ్చిన చీఫ్ ఆఫీసరు ఆపాడు.

"నీ చోటు ఖాళీ లేదయ్యా. నీ నీడ తిండి అడగదు, సెలవు అడగదు. దాన్నే ఉంచుకోమని కంపెనీ రాసింది."

"మరి జీతం, సార్?"

"నీడకు జీతమేంటన్నారు. పుస్తకంలో నీ పేరే ఉంది కదా అని నేనే పోట్లాడాను. సగం ఇస్తారు, ఈ ఎనిమిది నెలలదీ కలిపి మీ ఇంటికే పంపిస్తారు. నీడ దిగిపోయిందంటే మాత్రం ఆ సగమూ ఉండదు."

పైన నీడ నడుం వంచి కమ్మీలకు రంగు వేస్తోంది. బాగా పలచబడింది. సరంగుకు జాలేసింది. ఒక్క కేక వేస్తే చాలు, బ్రష్షు అక్కడే పడేసి వచ్చేసేది. నోటిదాకా వచ్చిన పిలుపు మింగేసి, వెళ్లి రైలెక్కాడు.

ఇప్పుడు అద్దె వేళకు కడుతున్నారు. సరంగుకు వేరే పని దొరకలేదు, పగలంతా ఇంట్లోనే ఉంటాడు. ఏ పనీ చేయకపోయినా సాయంత్రమయ్యేసరికి నడుం విరిగిపోతుంటుంది. ఎందుకని భార్య అడగదు.

"ఇవాళ లోడు ఎక్కువున్నట్టుంది" అంటూ నూనె వెచ్చబెట్టి తెస్తుంది.