శంకరవ్వ స్టీలు టార్చి

రెండు వేల ఇరవై ఐదు, మార్చి ముప్పై ఒకటి. ఆనాడు ఏం తిన్నాడో కూడా రాయమల్లుకు గుర్తుంది. ముందురోజు ఉగాదికి చెల్లెలు పంపిన భక్షాలు రెండు మిగిలితే చల్లగానే తిన్నాడు. రంజాన్ పండుగని పక్కింటి లతీఫున్నీసా గిన్నె నిండా షీర్‌ఖుర్మా పంపింది. భార్య పోయాక ఒక పండుగ పూట పొయ్యి వెలిగించకుండానే కడుపు నిండడం అదే మొదలు.

గిన్నె కడుగుతుంటే శంకరవ్వ వచ్చింది. ఆమెది మెట్‌పల్లిలో వాళ్ల వాడ చివరి ఇల్లు. రోజూ తెల్లవారకముందే ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకొని కాలువగట్టు మీదుగా మార్కెట్‌కు నడుస్తుంది. చేతిలో ఆకుపచ్చ ప్లాస్టిక్ టార్చి ఉంది.

"సారూ, గిది జర చూడుర్రి. నడిమిట్ల ఆరిపాయె. కాలు ముందటికి పెట్టుడే భయమైంది. తెల్లారేదాక గట్టు మీదనే కూసున్న. మార్కెట్‌కు పోయేసరికి బేరమంతా అయిపాయె."

"పామేమన్న కనవడ్డదా అక్కా?"

"కనవడనీకె లైటు ఉంటె గద!" అని నవ్వబోయి ఆగింది. "రేపు ఎట్ల పోవాలె సారూ?"

సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన రాయమల్లుకు ఇంట్లో ఒక బల్ల, ఒక టంకం కడ్డీ ఉన్నాయి. వాడలో పాత టార్చీలకు తక్కువ ఖర్చులో ఎల్‌ఈడీ బిగించి ఇస్తుంటాడు. ఆకుపచ్చ టార్చిని అటూ ఇటూ తిప్పి స్క్రూ కోసం వెతికాడు. ఒక్కటీ లేదు. అతుకులన్నీ జిగురుతో మూసేశారు. కత్తి పెట్టి చీలిస్తే లోపల చిన్న బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. ఎల్‌ఈడీ మాత్రం నిక్షేపంగా ఉంది. ఆయనకు ఒళ్లు మండిపోయింది. తయారుచేసినవాడే దాన్ని ఎవరూ విప్పకూడదనుకున్నాడు.

"ఎప్పుడు కొన్నవ్?"

"కొనలే సారూ. శివరాత్రికి ముందు మా ఇంటాయన స్టీలు టార్చి ఇచ్చి మార్చుకున్న. బుగ్గ, గదే బల్బు, గుడ్డిగ వెలుగుతున్నదని మార్పిద్దామని భానుప్రసాద్ కరెంటు సామాన్ల దుకాన్లకు పోతి. ఆయన ఒత్తి చూసిండు, వెలుగలే. 'ఖతమైంది అవ్వా, తుక్కుకు పోయేటిదే' అన్నడు."

రాయమల్లు చెప్పులు తొడుక్కున్నాడు. "నడువు."

దుకాణంలో భానుప్రసాద్ చీలిన టార్చిని చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎక్స్‌ఛేంజ్ మాలుకు గ్యారంటీ ఉండది సార్."

"గ్యారంటీ అడగలే. అవ్వ పాత టార్చి ఏది?"

"తుక్కు సంచిల ఉంటది. బండి ఇంక రాలే."

రాయమల్లు మోకాళ్ల మీద కూర్చొని సంచిలో చేయి పెట్టి వెతికాడు. ఇనుప ముక్కల కింద రెండు సెల్లుల స్టీలు టార్చి దొరికింది. మీట ఒత్తాడు. వెలగలేదు.

భానుప్రసాద్ నవ్వాడు. "చూసిన్రా? నేనేమన్న అబద్ధం చెప్పిన్నా?"

రాయమల్లు వెనక మూత తిప్పి తీశాడు. ఒక సెల్లు తలకిందులుగా ఉంది.

"అయ్యో!" అని శంకరవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "సంచిల మీట దానంతట అదే ఒత్తుకుంటె సెల్లులు ఉత్తగ అయిపోతయని మా ఇంటాయన ఒకటి తిర్గేసి పెడ్తుండె. నేను గట్లనే పెట్టుకుంట. గానాడు చెప్పుడు మర్సిన."

రాయమల్లు సెల్లును సరిగా వేసి మీట ఒత్తాడు. పసుపచ్చగా, మసకగా అయినా వెలిగింది.

"మూత విప్పి చూసినవా నువ్వు?"

"బేరం టైమ్ల ఎవరు విప్పుతరు సార్?"

"విప్పేదాన్ని విప్పకపోతివి! విప్పరాకుంట అతికించినదాన్ని ముసలామె చేతిల పెడ్తివి! మీ అవ్వ గా గట్టు మీద చీకట్ల నడుస్తె గిదే ఇస్తువా?"

ఎవరి మీదా గొంతు లేపని మనిషి అరిచేసరికి ఎదురు దుకాణం వాళ్లు బయటికి వచ్చారు. భానుప్రసాద్ చూపు దించుకున్నాడు. రెండు కొత్త సెల్లులు తీసి బల్ల మీద పెట్టాడు.

"మాకేం అక్కర్లే," అన్నాడు రాయమల్లు.

"ఇయ్యనీ సారూ," అంటూ శంకరవ్వ సెల్లులు కొంగున కట్టుకుంది. "కోపం మీది, టార్చి నాది."

ఇంటికి వచ్చి ఆయన పాత బుగ్గను గుడ్డలో చుట్టి పగలగొట్టాడు. అద్దం పెంకులు దులిపి, టార్చిలోకి బిగిసే ఇత్తడి మూతి ఒక్కటే ఉంచుకున్నాడు. చచ్చిన ప్లాస్టిక్ టార్చిలోని ఎల్‌ఈడీని తీసి ఆ మూతికి టంకం పెట్టాడు. కొత్త సెల్లులు వేసి, బిగించి చూస్తే వెలుగు చెదిరి గోడంతా పాకింది. విప్పి, పాత బుగ్గలో తీగ ఉన్నంత ఎత్తుకు దాన్ని లేపాడు. ఈసారి వెలుగు ఒక్కచోటికి చేరి తెల్లగా, గట్టిగా నిలబడింది.

"ఇప్పుడు గూడ సెల్లు తిర్గేసి పెట్టుకోవచ్చునా?" అని అడిగింది శంకరవ్వ.

"పెట్టుకో. పొద్దుగాల మల్ల సరిగ పెట్టి ఇంట్ల ఒకపారి వెలిగించి చూసినంకనే గడప దాటు."

ఆమె అప్పుడే గట్టు మీద నడిచి చూస్తానంది. పొద్దుగూకింది. రాయమల్లు మెట్ల మీద కూర్చుని చూస్తుండగా ఆ వెలుగు కాలువగట్టు మీద ఎక్కడా ఆగకుండా ముందుకు పోయింది. ఊళ్లో ఇంకెందరి టార్చీలు ఆ సంచిలో పడ్డాయో అనుకుంటే ఆయనకు మళ్లీ ఒళ్లు మండింది. చీలిన ఆకుపచ్చ డొల్ల ఇంకా బల్ల మీదే ఉంది. అది దేనికీ పనికిరాదు.

వెలుగు తిరిగి వచ్చింది.

"ప్రతి రాయి కనవడ్తున్నది సారూ. రేపు పోత," అని శంకరవ్వ తన గడప ఎక్కింది. టార్చి ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.