నూరేళ్ళ బడి కేకు

మా కల్డూరా ఊరి హైస్కూల్లో పాతికేళ్ళకోసారి ఒక తంతు జరుగుతుంది. బడి పెట్టిన ఏడాది కొలిమి క్లాసులో పిల్లలు సాగగొట్టి చేసిన కత్తి ఒకటి అద్దాల బీరువాలో ఉంటుంది. బతికున్న పాత విద్యార్థుల్లో అందరికన్నా పెద్దవాళ్ళు, ఇప్పటి పిల్లల్లో అందరికన్నా చిన్నవాళ్ళు, ఇద్దరూ ఆ కత్తి పట్టుకుని బడి పుట్టినరోజు కేకు కోస్తారు. ఇరవై ఆరేళ్ళుగా ఆ బడి క్యాంటీన్ నడుపుతున్నది నేనే గనక నూరో ఏటి కేకు నా నెత్తిన పడింది.

డెబ్బై అయిదో ఏడు కేకు కోస్తున్నప్పుడు మా అమ్మ నోరీన్ వెనక వరసలో కూర్చుని వేళ్ళు మడిచింది. "నూరో ఏటికి నాకు తొంభై రెండే కదే లోరెల్. బతికుంటే కత్తి నాదే" అంది. అప్పటినుంచీ వారపత్రిక రాగానే చావు కబుర్ల పేజీ తిరగేసేది. చూపు తగ్గాక నాచేత చదివించుకునేది. "అయ్యో, పోయాడా? పాపం మంచివాడు. ఇంకెందరున్నారు?" అనేది. సిగ్గు లేదా అని తిట్టేదాన్ని. పోయిన చలికాలం అమ్మకన్నా పెద్దవాళ్ళలో ఆఖరివాడూ పోయాడు. అమ్మ నీలం గౌను కుట్టించుకుంది.

ఉత్సవానికి మూడు వారాల ముందు కమిటీ కార్యదర్శి డెనీస్ క్యాంటీన్ కిటికీ దగ్గరికొచ్చింది. నాతో చదువుకున్నదే.

"కేకు మ్యూరియల్‌గారు కోస్తారే" అంది.

"ఆవిడకి తొంభయ్యేగా? మా అమ్మ రెండేళ్ళు పెద్ద."

"మీ అమ్మ పేరు రిజిస్టర్లో కొట్టేసి ఉందే. కొట్టేస్తే విద్యార్థి కాదట. నేనేం చెయ్యను, రూల్ అంటే రూల్."

ఒళ్ళు మండిపోయింది. ఆ గీత సంగతి నాకు తెలుసు. పదహారేళ్ళప్పుడు అమ్మకి కడుపొచ్చింది. హెడ్మాస్టరు ఎర్రసిరాతో పేరు కొట్టేసి పంపేశాడు. మెల్‌బోర్న్‌లో అలాంటి ఆడపిల్లల్ని దాచే ఇంట్లో పడేశారు. బిడ్డ పుట్టగానే మొహమైనా చూపించకుండా పెంపకానికి ఎత్తుకుపోయారు. ఆడో మగో కూడా అమ్మకి చెప్పలేదు. ఆ బిడ్డ తండ్రి క్లైవ్, ఈ మ్యూరియల్ అన్నగారు. ఆ ఏడు స్కూల్ కెప్టెన్ ఆయనే. హాల్లో చెక్క పలక మీద ఆయన పేరు బంగారు అక్షరాలతో ఇప్పటికీ మెరుస్తోంది. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం. ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు, నోరు విప్పినవాళ్ళూ లేరు.

"కేకు నువ్వే చేస్తావుగా మరి?" అంది డెనీస్, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

ఇంటికెళ్ళి అమ్మకి చెప్పాను. "వాడి చెల్లెలా?" అని మాత్రం అడిగింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అన్నట్టు, ఎర్రగీత కన్నా ఆ పేరే ఎక్కువ గుచ్చుకుంది.

"నేను చెయ్యను. ఎండుద్రాక్ష బ్రాందీలో నానుతోంది, పారబోస్తా" అన్నాను.

"చెయ్యి. మాడ్చావంటే నీ తల్లినే అంటారు."

ఉత్సవం రోజు పొద్దున, ఐసింగ్ పొయ్యక ముందు, కేకు వంటింటి బల్ల మీద పెట్టి అమ్మ చేతికి మామూలు కత్తి ఒకటి ఇచ్చాను. "ముందు నువ్వు కొయ్యమ్మా. ఆ సందు చక్కెరతో పూడ్చేస్తాను. మ్యూరియల్ కోసేది నీ ఎంగిలే అవుతుంది."

అమ్మ కత్తి బల్ల మీద పెట్టేసింది. "ఒకసారి దాచారు చాలదా? మళ్ళీ నువ్వూ వంటింట్లో దాస్తావా? నలుగురూ చూడాలే పిచ్చిదానా. ఇన్నాళ్ళు ఆగింది కేకు కోసమా?" అంది. నాకు ఏడుపొచ్చింది.

హాలు కిక్కిరిసింది. అమ్మ ముందు వరసలోకి వెళ్ళి కూర్చుంది. ఎవరూ లేపలేదు, అంతవరకూ నయం. "మన పాత విద్యార్థుల్లో అందరికన్నా పెద్దవారు" అని ప్రిన్సిపాల్ మైకులో అనగానే మ్యూరియల్ స్టేజీ ఎక్కింది. అమ్మ కర్ర ఊతగా లేచి నిలబడింది. మ్యూరియల్ ఆమెని చూసి తల కత్తి వైపు దించుకుంది. పక్కనున్న చిన్నపిల్ల బిత్తరపోయి ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది.

"కూర్చోండి మామ్మగారూ, ఫొటోకి అడ్డం!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. ఎవరో నవ్వారు. కేకు కోసేదాకా అమ్మ కూర్చోలేదు. తర్వాత ఆ కేకు రెండు వందల ముక్కలు చేసి పంచింది నేనే. అమ్మ ముట్టుకోలేదు.

మరుసటి వారం క్యాంటీన్ ఎదురుగా ఫొటోకి గాజు పటం కట్టించి తగిలించారు. మ్యూరియల్, చిన్నపిల్ల, కత్తి, కేకు ఉన్నాయి. అమ్మ తెల్లతల పడాల్సిన కింది భాగం మాత్రం లేదు.

"అడ్డమొచ్చిందని కత్తిరించేశాం. ఎంత నీటుగా వచ్చిందో చూడు" అంది డెనీస్.

సాయంత్రం నేనింకా చెప్పులు విప్పకముందే అమ్మ అడిగింది. "ఫొటో కట్టారటగా? పడ్డానా?"

"పడ్డావమ్మా."

"ఎక్కడ?"

"సరిగ్గా మధ్యలో. మ్యూరియల్ సగం కనపడటంలేదు."

అమ్మ పడీపడీ నవ్వింది. అంత నవ్వు ఆమె ముఖాన నేనెప్పుడూ చూడలేదు. "రేపు నీతో వస్తానే. నా కళ్ళకి ఆనదు గానీ, ఎక్కడున్నానో నా వేలు పట్టుకుని దానిమీద పెట్టు" అంది.

అలాగే అన్నాను. రేపు ఆ గాజు మీద ఎక్కడో ఒకచోట అమ్మ వేలు పెట్టక తప్పదు.