మార్గెత్‌ను అడగకుండా

అనుమతుల విషయంలో రావ్నాకు వంక పెట్టగలిగినవాళ్ళు లేరు. రెయిన్‌డీర్లు కాసి పోయిన నాన్న మీద రాసిన పుస్తకంలో పరాయి సొత్తు గింజంత ఉన్నా సరే, దాని ఆసామిని వెతికి పట్టుకుని, అడిగి మరీ వాడుకుంది. పాత వార్త ముక్కకు పత్రికవాళ్ళను అడిగింది. రెయిన్‌డీర్ల మంద నది దాటుతున్న ఫోటో ఒకటి వేయాలనుకుంది. తీసినాయన ఎప్పుడో పోయాడని తెలిసి ఆయన కూతురెక్కడుందో ఆరా తీసింది. ఆ కూతురు స్పెయిన్‌లో ఎండ కాగుతూ, "వేసుకోమ్మా, దానికింత హడావుడెందుకు?" అంది. అయినా రావ్నా వదల్లేదు, కాగితం మీద సంతకం పెట్టించుకుంది.

ఓస్లోలోని ప్రచురణ సంస్థలో ఈ హక్కుల వ్యవహారాలన్నీ చూసేది ఇంగున్ అనే ఆవిడ. మనిషి మంచిదే కానీ, రూలు దగ్గర సొంత తల్లినైనా గుమ్మంలో నిలబెట్టే రకం. "పెద్ద పుస్తకంలోంచి రెండు వాక్యాలు తీసుకుని, ఎవరివో పేరు చెప్పి, దాని మీద మీ మాట మీరు చెబితే అది ఉటంకింపు. పాట నాలుగు వరుసలే అనుకోండి, ఆ నాలుగూ వేసేస్తే ఉటంకింపు కాదు, ఎత్తుకెళ్ళడం. కట్టినవాడు పోయి డెబ్భై ఏళ్ళు నిండేదాకా వారసుల్ని అడగాల్సిందే" అని మొదట్లోనే చెప్పింది. చివరికి రావ్నా పంపిన కాగితాల కట్ట చూసి, "అందరూ మీలా ఉంటే నా ఉద్యోగం ఊడిపోతుందండీ" అని నవ్వింది.

ఆ కట్టలో రావ్నా తనకు తనే అనుమతి ఇచ్చుకుంటూ పెట్టిన సంతకం కూడా ఒకటుంది. పుస్తకం చివరి అధ్యాయమంతా నాన్న నీలస్ కట్టిన యొయ్క్ కోసమే, అంటే మందలు కాసే తమవాళ్ళు తరతరాలుగా తీసే గొంతుపాట కోసమే రాసింది. కంచె బాగుచేసుకుంటూనో, తాడు పేనుకుంటూనో, పక్కన ఎవరూ లేరనుకున్నప్పుడు నాన్న ఆ యొయ్క్ తీసేవాడు. మాటలు నాలుగు వరుసలే, మిగిలిందంతా గొంతే. కట్టింది నాన్న, నాన్నకు వారసురాలు తను. చట్టం ప్రకారం ఇందులో పీటముడి ఏముంది?

ప్రూఫులు వచ్చిన ఆదివారం వాటిని పట్టుకుని కిర్స్తె అత్త ఇంటికి వెళ్ళింది. కిర్స్తె అంటే నాన్న చెల్లెలు. కౌతొకేయ్నో ఊళ్ళో అందరి కాళ్ళ కొలతలూ తెలిసిన మనిషి, ఇప్పటికీ తోలు చెప్పులు కుడుతుంది. రావ్నా చివరి అధ్యాయం చదువుతుంటే వంచిన తల ఎత్తకుండా వింది. చివర ఆ నాలుగు వరుసలూ రాగానే సూది ఆపేసింది.

"దీనికి ఎవర్ని అడిగావే?"

"ఎవర్ని అడగాలత్తా? నాన్న కట్టిందేగా. నాన్న తర్వాత నేను."

"కట్టింది మీ నాన్నేలే. అది ఎవరిదని అడుగుతున్నా."

రావ్నాకు అర్థం కాలేదు. అత్త చేతిలో ఉన్న చెప్పు ఎత్తి చూపించింది. "ఇది కుట్టింది నేను. అందుకని నాదవుతుందా? ఏ కాళ్ళ కొలతకి కుట్టానో ఆ కాళ్ళది. యొయ్క్ ఎవరి మీద కడితే వాళ్ళదే పిల్లా. మీ నాన్న మార్గెత్ మీద కట్టాడు, అది మార్గెత్‌ది. అడగకుండా ఆ మనిషిని తీసుకెళ్ళి పుస్తకంలో కూర్చోబెడతావా? ఎంత చదువు చదివితే ఏం లాభమే నీకు!"

రావ్నా ప్రూఫులు మూసేసింది. ఈ సంగతి తెలియకుండా పెరిగినందుకు ఆమెను అనీ లాభం లేదు. చిన్నప్పుడే దూరపు హాస్టలు బడిలో వేశారు. ఇంటి భాష మాట్లాడితే చెంప పగిలేది, యొయ్క్ అయితే సైతాను కూత అనేవారు. సెలవులకు ఇంటికొచ్చిన కూతురు చెవులు మూసుకోవడం చూసి నాన్న ఆమె ముందు గొంతు విప్పడం మానేశాడు. తర్వాత విన్నదంతా చాటునుంచి విన్నదే.

"ఎవరత్తా ఈ మార్గెత్?"

"మాజె ఊళ్ళో ఉంటుంది. నువ్వు పుట్టకముందు మీ నాన్నా తనూ ఒకే మంద కాసేవాళ్ళు. ఎవరిదో తెలిపే గాటు చెవికి ఇంకా పెట్టని దూడ ఒకటి దొరికితే నాదంటే నాదని జుట్లు పట్టుకున్నంత పని చేశారు. అప్పట్నించీ మాటల్లేవు."

"దూడ ఎవరికి దక్కింది?"

"తోడేలుకి. పంతం మాత్రం చావలేదు. మీ నాన్న పోయినప్పుడు కూడా ఆవిడ రాలేదు చూడు."

రావ్నా ఆ సాయంత్రమే ఇంగున్‌కు ఫోన్ చేసింది. ఇంగున్ అంతా విని, "చట్టం మీ పక్షానే ఉందండీ. ఆవిడ సంతకం లేకపోయినా మాకు ఇబ్బంది లేదు" అంది.

"మా అత్తకుంది. ఇప్పుడు నాకూ ఉంది."

"మరి గురువారం అచ్చుకి పోవాలి. ఆవిడ కాదంటే?"

కాదంటే ఆ నాలుగు వరుసలూ పోతాయి. అవి పోతే చివరి అధ్యాయానికి తలకాయ ఉండదు. నాన్న ఎలాంటి మనిషో చెప్పడానికి పుస్తకమంతా తడుముకుంటూ వచ్చి, ఆ చివర్లో ఆయన నోటితోనే చెప్పించింది. అది తీసేస్తే మిగిలేది జంతువుల లెక్కలూ వాతావరణమూనూ. "తీసేద్దాం" అంది రావ్నా.

మంగళవారం పొద్దున్నే కారులో మాజెకు బయల్దేరింది. మార్చి ఎండ మంచు మీద పడి కళ్ళు విప్పనివ్వడం లేదు. నది ఇంకా గడ్డకట్టే ఉంది. మార్గెత్ ఇల్లు గట్టు మీద చివర్న ఉంది. గుమ్మంలో ముసలి కుక్క లేచి నిలబడి, మొరగడానికి బద్ధకించి మళ్ళీ పడుకుంది. తలుపు తీసిన మనిషి చిన్నది. భుజాల మీద శాలువా, దానికి వెండి పిన్ను, ముఖం నిండా ముడతలు. కళ్ళు మాత్రం ముసలివి కావు.

"ఎవరి పిల్లవే?"

"నీలస్ కూతుర్ని అవ్వా."

ముసలావిడ తలుపు ఇంకాస్త తీసింది. "కాళ్ళకి మంచు దులుపుకుని రా" అంది.

కాఫీ కాచింది. అక్కడి వాడుక ప్రకారం అందులో జున్ను ముక్కలు వేసి, పక్కన ఎండు మాంసమూ చాకూ పెట్టింది. ఎడం చేత్తో మాంసం చెక్కుతూ, "ఊఁ, చెప్పు. ఊరికే రాలేదుగా. మీ ఇంటివాళ్ళు ఊరికే వచ్చే రకం కాదు" అంది.

రావ్నా దెప్పుడు మింగేసి సంగతి చెప్పింది. పుస్తకమూ, గురువారమూ, ఆ నాలుగు వరుసలూ. అనుమతి కాగితం బల్ల మీద పెట్టింది. ముసలావిడ దాని వంక చూడలేదు.

"అయితే నిజంగానే కట్టాడన్నమాట" అంది మెల్లగా.

"మీరు వినలేదా?"

"ఎలా వింటానే? ఎవరిది వాళ్ళు పాడుకుంటే సొంత డప్పు కొట్టుకున్నట్టు. ఎదుటివాళ్ళు తీస్తేనే వినాలి. ఆ ఎదుటివాడు నా ముఖం చూడ్డమే మానేశాడాయె. కట్టాడని ఎవరో అన్నారు. మెచ్చుకున్నాడో, దొంగముండ అని తిట్టాడో, ఎవర్ని పోయి అడగను?" చాకు కింద పెట్టింది. "కంటితో చూడని దూడని అమ్మమని కాగితం తెచ్చావు. ముందు చూపించు."

రావ్నా ప్రూఫులు తీసి చదవబోయింది.

"మాటలెవడిక్కావాలే! ఎముకలు పెట్టి పులుసంటావేంటి? గొంతు తియ్యి."

"నాకు రాదవ్వా. నేనెప్పుడూ..."

"అయితే కాగితం తీసుకుని వెళ్ళు."

రావ్నా లేవలేదు. కళ్ళు మూసుకుని, ఎవరో వెనకనుంచి చెంప పగలగొడతారేమో అన్నట్టు భుజాలు ముడుచుకుని మొదలుపెట్టింది. గొంతు మధ్యలోనే విరిగింది. మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ విరిగింది.

"పాడకు" అంది ముసలావిడ. గొంతులో కసురు లేదు. "పాట కాదది. నా గురించి ఏదో చెప్పడమూ కాదు. నన్ను పిలవడం. మీ నాన్న ఎలా పిలిచేవాడో అలా పిలువు, చాలు."

రావ్నా ఊపిరి పీల్చుకుంది. నాన్నను తల్చుకోలేదు. కంచె దగ్గర నాన్న ఎటు చూస్తూ ఉండేవాడో అటు చూసింది.

*మంచు మనసు కాలితో కనిపెట్టేది,*
*ఎడం చేత తాడు విసిరేది,*
*వెనక్కి చూడనిది,*
*వెనక్కి చూడనే చూడనిది.*

మాటలైపోయాక గొంతు తనంతట తనే సాగింది. చిన్న చిన్న అడుగులు వేసింది, ఆగి మంచును తట్టి చూసింది, మళ్ళీ నడిచింది. ఉన్నట్టుండి పైకి ఎగిరింది. నాన్న అక్కడ ఎందుకలా ఎగరేసేవాడో రావ్నాకు ఇన్నేళ్ళూ తెలియదు. ఇప్పుడు కళ్ళు తెరిచి చూస్తే, ముసలావిడ ఎడం చెయ్యి ఒళ్ళోంచి లేచి గాల్లో ఉంది. వేళ్ళు విచ్చుకున్నాయి. తాడు చేతిని వదిలిన చోటే ఆ గొంతు ఎగిరింది! ఆ గదిలో బల్లకు అవతల కూర్చున్నది ముసలిది కాదు. పల్చటి మంచు మీద మందను వెంటేసుకుని ముందు నడుస్తున్న పడుచుపిల్ల. ఎంత ధైర్యం, ఎంత పొగరు, ఎంత అందం! ఇలాంటి మనిషిని నాలుగు వరుసల కింద నాన్న పేరు రాసి అచ్చు వేయించబోయింది తను.

గొంతు ఆగింది. యొయ్క్‌కు ముగింపంటూ ఉండదు, ఊరికే ఆగుతుంది. కుక్క లోపలికి వచ్చి ముసలావిడ కాళ్ళ దగ్గర కూర్చుంది.

"తిట్టలేదు" అంది మార్గెత్. కళ్ళనుంచి నీళ్ళు ముడతల్లోకి దిగుతున్నాయి, తుడుచుకోలేదు. "ముసలి వెధవ. ఇంత బాగా చూశాడా నన్ను?"

ఇద్దరూ చల్లారిన కాఫీ తాగారు. మార్గెత్ శాలువా సర్దుకుంది. సర్దుకున్నదాన్నే మళ్ళీ సర్దుకుంది. ఇంతసేపూ లేని బెరుకు ఆమెలో కనిపించింది.

"నా దగ్గరా ఒకటుంది" అంది. "దూడ గొడవకి ముందు కట్టింది. ఇంతవరకు ఎవరి ముందూ తియ్యలేదు. అది వాడిది కదా, వాడు వచ్చి వినాలి. రాడు. నేను వెళ్ళను. మట్టి చెయ్యడానికి కూడా వెళ్ళలేదు నేను. ఇప్పుడు వాడి తర్వాత నువ్వే. అందుకని అడుగుతున్నా పిల్లా. మీ నాన్నని పిలవమంటావా?"

రావ్నా ఏడాదిగా ఎందరినో అనుమతి అడిగింది. ఇటువైపు కూర్చుని అడిగించుకోవడం ఇదే మొదలు. ఏ రూలూ గుర్తు రాలేదు.

"ఊఁ" అంది.

ముసలావిడ గొంతు కింద ఎక్కడో మొదలైంది. మాటలు లేవు. బరువుగా, తొందర లేకుండా వచ్చి, గుమ్మంలో ఆగినట్టు ఆగింది. నాన్న అలాగే ఆగేవాడు, ఏ ఇంటికి వెళ్ళినా. తర్వాత ముక్కుతో చిన్న ఊపిరి, నవ్వు వచ్చేముందు నాన్న వదిలే ఊపిరి. రావ్నా రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ఆ ఊపిరి సంగతి తను మర్చిపోయింది! పుస్తకంలో ఎక్కడా లేదు. అంత పుస్తకమూ వెతికినా దొరకని నాన్న, ఈ మనిషి గొంతులో ఏ గీతా పడకుండా అలాగే ఉన్నాడు. పడుచువాడు, మొండివాడు, భయస్థుడు కూడా. నాన్నకు భయం ఉండేదని కూతురికి ఇప్పుడే తెలిసింది. ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. ముసలావిడ ఆపలేదు. పిలిచిన మనిషిని మధ్యలో వదిలెయ్యకూడదు కదా.

అంతా అయ్యాక మార్గెత్ కళ్ళు చికిలించి చూసింది. "ఏమే, ఇది కూడా వేస్తావా పుస్తకంలో?"

"వద్దు!" రావ్నా అరిచినంత పని చేసింది. "ఇది వద్దు. ఇది నాది."

"చూశావా? నీదయ్యేసరికి గుప్పిట బిగిసింది. నాదాన్నేమో కాగితం పెట్టి అడిగావు."

రావ్నా తల దించుకుంది. బల్ల మీద కాగితాన్ని మెల్లగా తన వైపు లాక్కోబోయింది. "క్షమించవ్వా. తీసేస్తాను. అది లేకుండానే వస్తుంది పుస్తకం."

ముసలావిడ ఎడం చెయ్యి కాగితం మీద పడింది. "నేను వద్దన్నానా? కలం ఇటు తే."

"ఎందుకిస్తున్నారు?"

"దూడని వాడు ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. తోడేలు తినిపోయింది. ఎవరో ఒకరు ముందు ఇవ్వాలిగా." పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాసింది. "కానీ కింద నీలస్‌దని వెయ్యకు, ఊరుకోను. కట్టింది నీలస్, ఎవరిదంటే మార్గెత్‌ది అని రాయి. ఆ ఓస్లో ఆవిడకి అర్థం కాకపోతే నా దగ్గరికి పంపు, కాఫీ పోస్తాను."

రావ్నా గుమ్మం దిగింది. కారులో కూర్చుని ఇంజను వేసి, ఇంగున్‌కు ఫోన్ చేద్దామని తీసింది. అప్పుడు తలుపు వెనకనుంచి, నాన్నను పిలిచిన ఆ గొంతు మళ్ళీ వినిపించింది. ముసలావిడ రావ్నా కోసం తీస్తున్నది కాదు, ఎవరో వినాలని తీస్తున్నదీ కాదు. ఇన్నేళ్ళ తర్వాత వచ్చినవాడితో ఒంటరిగా మాట్లాడుకుంటోంది.

రావ్నా ఇంజను కట్టేసింది. నాన్న ఇంకా లోపలే ఉన్నాడు. ఆయన వెళ్ళేదాకా ఆమె అక్కడే కూర్చుంది.