కన్నీళ్ల మాత్ర

గుమ్మం దగ్గర అక్క చెప్పులు విడిచిన చప్పుడు వినపడితే చాలు, ఆయన భోరుమనేవాడు. అట్లాంటిట్లాంటి ఏడుపు కాదు. ముఖమంతా వంకరలు పోయి, ఊపిరందక, కూర్చున్న కుర్చీ ఊగిపోయేలా ఏడ్చేవాడు.

"చూశావా మరదలా, నేనంటే ప్రాణం వీడికి," అనేది ఆవిడ, తమ్ముడి కళ్లు తుడుస్తూ.

అన్నం తినిపించేదీ, పక్క మార్చేదీ, చొక్కా గుండీలు పెట్టేదీ ఇల్లాలు. ఆమెను చూసి ఆయన కంట ఒక్క చుక్కయినా రాలిందా?

ఆయన కాలిపోయిన మోటార్లకు కొత్త తీగ చుట్టే వైండింగ్ పని చేసేవాడు. ముందు వేళ్లు పట్టు తప్పాయి, తర్వాత నాలుక మందగించింది. నరాలు ఒక్కొక్కటే చచ్చిపోయే జబ్బన్నారు. ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆమె ఏడుపు సంగతి ఎత్తింది.

"అది దుఃఖం కాదమ్మా," అంది డాక్టరమ్మ. "మెదడులో గ్లూటమేట్ అని ఒక రసాయనం ఉంటుంది. ఒక నరం ఇంకో నరాన్ని 'లే, పనిచెయ్యి' అని తట్టేది దాంతోనే. అది లేకపోతే వేలు కూడా కదపలేం. పని అయ్యాక అది తొలగిపోవాలి. పోకుండా పేరుకుంటే, తట్టి తట్టి ఆ నరాన్నే చంపేస్తుంది. ఈ జబ్బులో అదీ ఒక కారణమంటున్నారు. ఏడుపును పట్టి ఉంచే నరాలు దెబ్బతింటే ఇలాగే చిన్నదానికీ కట్ట తెగుతుంది."

"కరెంటెక్కువై... కాయిల్ మాడినట్టు," అన్నాడాయన ముద్దముద్దగా.

"అయితే అక్క మీద ప్రేమ కాదన్నమాట!" ఆమె గొంతులో సంబరం దాగలేదు.

"ప్రేమ ఉంటే ఉండొచ్చు. కన్నీళ్లు దానికి కొలత కాదు. ఎవరొచ్చినా, ఎవరు వెళ్లినా వస్తాయి. మీరెప్పుడూ పక్కనే ఉంటారాయె! ఆ రసాయనం జోరు తగ్గించే మాత్ర రాస్తున్నా. రోజూ తప్పకుండా వెయ్యండి."

మాత్ర పనిచేసింది. ఆడపడుచు వచ్చినప్పుడు తమ్ముడు చక్కగా నవ్వి, "కూర్చో అక్కా," అన్నాడు. ఆవిడ ముఖం చిన్నబోయింది. వంటింటి దాకా వచ్చి, "వాడికేం పెడుతున్నావే?" అని నిలదీసింది. ఆ పూట ఇల్లాలికి అన్నం ఎంత రుచిగా ఉందో!

ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. ఈ జబ్బు ఆయన్ని ఇవాళో రేపో తీసుకుపోతుంది. వదిన కోసమైతే బోలెడు ఏడ్చి పెట్టాడు, నాకేం మిగిల్చాడు? దొంగ కన్నీళ్లయితేనేం, ఒక్కసారి నాకోసమూ కారితే చాలు. అలా అనుకుని మాత్ర వెయ్యడం మానేసింది.

కొన్నాళ్లకు, టీవీలో వార్తలు చదివే అమ్మాయి చివర్లో 'సెలవు' అన్నా ఆయన ముక్కు ఎగబీల్చడం మొదలుపెట్టాడు. ఇదే అదననుకుంది. ఎదురింటావిడను కాసేపు కూర్చోమని చెప్పి, చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"వెళ్లొస్తానండీ," అంది, ఊరు విడిచి పోతున్నదానిలా.

ఆయన భోరుమన్నాడు! ఏదో చెప్పబోయాడు, ఏడుపు ఆ మాటను మింగేసింది. చెయ్యి ఎత్తబోయాడు, లేవలేదు.

"ఏంటండీ, వెళ్లొద్దంటున్నారా?" అంది. ఆమెకు కడుపు నిండిపోయింది. వీధిలో వాన పట్టుకున్నా, నిలువునా తడుస్తూ కొత్త పెళ్లికూతురిలా నడిచింది.

తిరిగొచ్చేసరికి ఎదురింటావిడ ఆయన వీపు రుద్దుతోంది. ఏడ్చి ఏడ్చి ఉమ్ము గొంతుకు అడ్డం పడిందట, పెదాలు నీలమెక్కాయట.

"ఏం మనిషివమ్మా! ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణం పోయేది."

ఆమె వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేసి, చేసింది చెప్పి, చీవాట్లు తిని, ఆవిడ చెప్పినట్టే మళ్లీ మాత్ర మొదలుపెట్టింది.

ఏడుపు అణిగి మాట కాస్త తేలాక, ఉండబట్టలేక అడిగింది.

"ఆ రోజు నేను వెళ్తుంటే ఏం చెప్పబోయారు? వెళ్లొద్దనే కదూ?"

"గొడుగు," అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "మబ్బు పట్టింది... గొడుగు పట్టుకెళ్లమని."

ఆమె ఆయన చొక్కా గుండీ సర్దింది. ఎంత వద్దనుకున్నా నోరు ఊరుకోలేదు.

"వదినకెప్పుడైనా చెప్పారా, గొడుగు పట్టుకెళ్లమని?"

ఆయన కాస్త ఆలోచించాడు. "అక్కకి... కారుంది కదే."

"అంటే, కారు లేకపోతే చెప్పేవారన్నమాట!"

ఆయన చప్పున కళ్లు మూసుకుని నిద్ర నటించాడు.