పదకొండో తూము

పొద్దున పదింటికి నందికొట్కూరు బస్సు దిగి, కాలువ ఆఫీసు కంప్యూటరు మీది గుడ్డ తీసి మడిచి పెట్టడంతో సాహితి పని మొదలయ్యేది. పాత నక్షాల్లోని కొలతలన్నీ ఏడాదిపాటు కూర్చుని ఆమే అందులోకి ఎక్కించింది. రెండువేల ఆరు ఆగస్టులో కాలువకు నీళ్లు వదిలిన రోజున తెరలోకి కూడా నీళ్లొచ్చాయి. వేలు ఆనిస్తే చల్లగా తగిలేవి. తొమ్మిదో తూము దగ్గర బర్రెలు దిగితే తెరలోనూ బురద లేచేది. మధ్యాహ్నాలు మబ్బుల నీడలు దాని మీదుగా తీరిగ్గా నడిచిపోతుంటే సాహితికి కళ్లు మూతలు పడేవి.

"ఈ పొద్దు వడి శానా ఉండాది," అంటూ అటెండరు విశ్వాసమ్మ బల్ల మీది తడి తుడిచేది. అంతకుమించి ఎవరూ దాని గురించి మాట్లాడింది లేదు. ఎండలో తిరిగే బాధ తప్పిందని ఇంజనీరు రాఘవేంద్రప్రసాద్ మాత్రం మహా సంబరపడ్డాడు.

తెరలో పదకొండో తూములోకే చుక్క నీరు రాలేదు.

ఇంజనీరు మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు ఆ తూము తలుపు ఎత్తి దించే లస్కరు ఉరుకుందప్పను పిలిపించాడు.

"తలుపు ఎత్తకుండా నిద్రపోతున్నావా? సోమవారం నుంచి రావద్దు."

"ఎత్తినా సార్. మడికట్లన్నీ నిండుండాయి. ఒకతూరి వచ్చి చూడండి."

"చూడ్డానికే కదయ్యా ఇది పెట్టింది!"

ఇరవై రెండేళ్లుగా ఆ పనే చేస్తున్న మనిషి తెరకేసి చూసి, తప్పు తనదేనన్నట్టు తల దించుకున్నాడు. సాహితికి ప్రాణం ఉసూరుమంది. తన చేతి పని ఒకరి నోటికాడి కూడు లాగేస్తోంది. నక్షా తీసి ప్రతి అంకె సరిచూసింది. ఎక్కించడంలో ఎక్కడా పొరపాటు లేదు.

ఆదివారం కొలత టేపు సంచిలో వేసుకుని తనే కాలువ గట్టు ఎక్కింది. తూము నిండుగా పారుతోంది. ఉరుకుందప్ప తలుపు దగ్గరే ఉన్నాడు.

"దీన్ని నక్షాలో చూపిన చోట కట్టలేదా అన్నా?"

"యాడమ్మా! ఆడ తవ్వితే బండ పడిందంట. మేస్త్రీ ఈడికి జరిపి కట్టినాడని మా నాయన చెప్తాండె. కాయితంలో మార్చే ఓపిక ఎవురికుండాది?"

ఆమె టేపు కొస అతని చేతికిచ్చింది. నక్షా చెప్పిన చోటుకు నలభై రెండడుగులు అవతల ఉంది తూము.

సోమవారం ఇంజనీరు ఉరుకుందప్పను తీసేసే కాగితం మీద సంతకం పెట్టబోతుండగా, సాహితి ఎవరినీ అడక్కుండానే కంప్యూటరులో ఆ తూము అంకె మార్చింది. తెర కాసేపు ఊరుకుంది. తర్వాత నీళ్లు మెల్లగా పక్కకు తిరిగి, పదకొండో తూములో దూకి, మడి తర్వాత మడి నింపుకుంటూ పోయాయి. గట్టు మీద కందిగింజంత మనిషి ఒకడు కనిపించాడు. రావద్దన్న రోజున కూడా వచ్చి, నడుం వంచి తూము తలుపు మర తిప్పుతున్నాడు.

రాఘవేంద్రప్రసాద్ తనకు తెలియకుండానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. చేతిలోని కాగితాన్ని నిలువునా చించాడు.

"జీపు తియ్యమను విశ్వాసమ్మా," అన్నాడు. "నేనే పోయి ఆయన్ని పలకరించాలి."