ఉప్పు కప్ప

కళింగపట్నంలో చేపకు ఉప్పు పట్టించడంలో గున్నమ్మ తర్వాతే ఎవరైనా. ఆమె ఎండేసిన చేప మీద వాలాలంటే ఈగ కూడా ఒకసారి ఆలోచిస్తుంది. అలాంటి మనిషికి దొరికిన మొగుడు నూకయ్య.

జెల్ల చేప ముల్లు గుచ్చుకుని అతని మడమ పుండు పడితే, ఆసుపత్రి నర్సు అనిత, వాళ్ల వీధి పిల్లే, రోజూ వచ్చి కట్టు మార్పించుకోమంది. సముద్రంలో చేపల వేట నిషేధం ముగియడానికి తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆలోగా మానితేనే పడవ ఎక్కేది.

రెండు రోజులు వెళ్లాడు. మూడోరోజు గున్నమ్మ తమ్ముడు ధనరాజు ఫోను పట్టుకుని ఊడిపడ్డాడు.

“బావా, కప్ప తోలులో మందున్నాదట! సైంటిస్టులే సెప్పినారు. ఎలాటి పుండైనా మానిపోతాదట.”

“ఒరే, ఆ సైంటిస్టులు కప్పని కాలికి కట్టుకోమన్నారేటి?” అంది గున్నమ్మ.

“నీకేటి తెలుసప్పా! నువ్వు సేపలు సూసుకో.”

తొలకరి పడింది, పొలాల్లో కప్పలకు కొదవ లేదు. సముద్రంలో సొరచేపను లాగిన వీరులిద్దరూ ఒక్క కప్ప కోసం మధ్యాహ్నం దాకా బురదలో దొర్లారు. దాన్నుంచి ఒలిచిన తోలు వారం రోజులైనా రావాలి కదా! చెడిపోకుండా ఉండాలంటే వేటకెళ్లేవాడికి తెలిసిన దారి ఒక్కటే. గున్నమ్మ కుండలోని ఉప్పు దొంగిలించి, దట్టంగా పట్టించి, పాక మీద ఎండేశారు. మర్నాడు ఆ అప్పడాన్ని నూకయ్య పచ్చిపుండు మీద పెట్టి బిగించి కట్టాడు.

ఆ తర్వాత వేసిన కేకకు శ్రీకూర్మం గుళ్లో తాబేళ్లు తలలు లోపలికి లాక్కున్నాయి. కుంటుతూ ఆసుపత్రికి పోతుంటే, వాసనకు ఊళ్లో పిల్లులన్నీ ఊరేగింపుగా వెంట నడిచాయి.

అనిత కట్టు విప్పి ముక్కు మూసుకుంది. “కప్ప తోలు మీది జిగటలోంచి పిసరంత తీసి, సుబ్బరం సేసి, ఇంకా ఎలకల మీదే సూస్తన్నారు మావా. నువ్వు కట్టింది మందు కాదు, ఎండుసేప. పుండు లోతైపోనాది. ఇంకో నెల్లాళ్లు ఉప్పునీళ్లు తగలకూడదు.”

నిషేధం ముగిసిన రోజు పడవ వెళ్లిపోయింది. నూకయ్య చోటులో ఎక్కినవాడు ధనరాజు. వైద్యుడికి కాళ్లు రెండూ బాగానే ఉన్నాయి మరి.

గున్నమ్మ ఎండుచేపల పక్కన స్టూలేసి, మొగుడి చేతికి కర్ర ఇచ్చింది.

“కూకో. కాకులు తోలు.”

“పిల్లులొస్తేనో?”

“సేపలకి బయం నేదు. అవి ముందు నీ కాలు దగ్గిరికే వస్తాయి.”